గోదావరి జిల్లాల మిఠాయి యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులు దగ్గరపడితే చాలు, నా ఫోనుకి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. ఆత్రేయపురం ఎటు నుంచి వెళ్లాలి, కాజా తాపేశ్వరంలో కొనాలా కాకినాడలో కొనాలా, పూతరేకులు హైదరాబాదు చేరేసరికి పొడి అయిపోవా అని. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. ఒక్క మాట మాత్రం అందరికీ చెబుతాను. ఈ మిఠాయిలు పుట్టిన ఊళ్లో, చేసిన పూట తినండి. ఇంటికి కొంచెమే కొనుక్కోండి.

## బయల్దేరే ముందు

గోదావరి వైపు ఏ ఊళ్లో ఏ స్వీటు తినాలి?

ఆత్రేయపురంలో పూతరేకులు, వేసవిలో అయితే మామిడి తాండ్ర కూడా. మండపేట పక్కన తాపేశ్వరంలో మడత కాజా. కాకినాడలో గొట్టం కాజా. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్. కోనసీమలో మోరి వైపు వెళితే జీడిపప్పు, జీడిపప్పు పాకం. ఇంకొంచెం దూరం వెళ్లే ఓపిక ఉంటే దక్షిణాన బందరు లడ్డు, బందరు నల్ల హల్వా, ఉత్తరాన మాడుగుల హల్వా.

ఇన్ని మిఠాయిలు ఈ వైపే ఎందుకంటే, డెల్టా వల్ల. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల కింద వరి, చెరకు విస్తరించాయి. కొబ్బరి ఎలాగూ ఉంది. ఇంట్లో బియ్యం, బెల్లం, నెయ్యి, కొబ్బరి ఉన్న మనుషులు వాటితో ఏం చేయగలరో అవే ఈ వంటకాలు.

మొత్తం తిరగడానికి ఎన్ని రోజులు పడుతుంది?

ఆత్రేయపురం, తాపేశ్వరం, కాకినాడ మూడూ ఒక్క రోజులో అయిపోతాయి. కానీ రెండు రోజులు పెట్టుకుంటే బాగుంటుంది. ఒక్క రోజులో మూడు రకాల తీపి తింటే మూడోదాని రుచి నాలుకకి తెలియదు.

నేను చెప్పే దారి ఇది. ఉదయం రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టునే ఆత్రేయపురం వెళ్లండి. ఇరవై కిలోమీటర్లకి కాస్త అటూఇటూ ఉంటుంది. అక్కడి నుంచి రావులపాలెం వచ్చి, గౌతమి మీద వంతెన దాటి, జొన్నాడ, ఆలమూరు మీదుగా మండపేట. తాపేశ్వరం ఆ పక్కనే. రాత్రికి కాకినాడ చేరి, గొట్టం కాజా మర్నాడు ఉదయానికి అట్టేపెట్టుకోండి. దారిలో రామచంద్రపురం వస్తుంది. అక్కడి నుంచి ద్రాక్షారామం దగ్గర కాబట్టి, గుడికి వెళ్లేవాళ్లు దాన్నీ కలుపుకోవచ్చు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. గాలిలో తేమ తక్కువ ఉంటుంది కాబట్టి పూతరేకు చక్కగా ఉంటుంది, కాజా చెమర్చదు, మీకూ తిరగడానికి హాయి. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే లంకల వైపు దారులు మూసుకుపోతాయి. పైగా వానగాలికి రేకులు మెత్తబడతాయి. ఏప్రిల్, మే ఎండలు భరించలేనివే, కానీ మామిడి తాండ్ర చాపల మీద ఆరబోసి ఉండగా చూడాలంటే అప్పుడే రావాలి. మామిడి గుజ్జు ఒక పొర పూయడం, ఎండాక దాని మీద ఇంకో పొర పూయడం, ఇలా రోజుల తరబడి సాగే పని అది.

సంక్రాంతికి రావచ్చా?

పండగ చూడాలంటే రండి. మిఠాయి కోసమే అయితే వద్దు. ఆ వారం కోనసీమ అంతా కోడిపందేల జనంతో, ఊళ్లకి వచ్చిన చుట్టాలతో నిండిపోతుంది. గదులు దొరకవు. కొట్లలో నిలబడే చోటుండదు. పెట్టెలు ముందే కట్టేసి ఉంచుతారు కాబట్టి ఏది ఎప్పుడు చేశారో అడిగే వీలు కూడా ఉండదు. పండగ వెళ్లిన వారం పది రోజులకి వస్తే అదే చలి, అదే పచ్చదనం, కొట్టువాళ్లకి మీతో మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. ఆ రోజుల్లో రాజమండ్రి చుట్టుపక్కల వాహనం కదలడమే కష్టమవుతుంది కాబట్టి ఆ సంవత్సరం తేదీలు చూసుకుని ప్రయాణం పెట్టుకోండి.

సొంత కారు లేదు, బస్సుల్లో తిరగగలమా?

తిరగొచ్చు. రాజమండ్రి హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి రైలుకి ఇబ్బంది లేదు. విమానాశ్రయం మధురపూడిలో. ఆత్రేయపురానికి రాజమండ్రి నుంచి గానీ రావులపాలెం నుంచి గానీ బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. తాపేశ్వరానికి ద్వారపూడి స్టేషన్ దగ్గర. మండపేట బస్సు ఎక్కినా సరే. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే మాత్రం రాజమండ్రిలో ఒక రోజుకి కారు మాట్లాడుకోవడమే సుఖం. చేతిలో పూతరేకుల పెట్టెతో కిక్కిరిసిన ఆటో ఎక్కితే పెట్టె దిగుతుంది గానీ రేకులు దిగవు.

## ఆత్రేయపురంలో

పూతరేకులు చేయడం కళ్లారా చూడొచ్చా? ఎవరిని అడగాలి?

తప్పకుండా చూడండి. ఈ యాత్రలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను.

రోడ్డు మీది కొట్లలో కొందరు ముందువైపే పొయ్యి పెట్టి చేస్తుంటారు. ఇంకా నిదానంగా చూడాలంటే ఊళ్లోకి నడవండి. ఇళ్ల వరండాల్లో, పంచల్లో రేకులు తీసే ఆడవాళ్లు కనిపిస్తారు. "అమ్మా, కాసేపు చూడొచ్చా అండీ" అని అడిగితే కాదనేవాళ్లు అరుదు. ఉదయంపూట వెళ్లండి, మధ్యాహ్నానికి పొయ్యి దగ్గర వేడికి మనమే నిలబడలేం.

పిండిలో మర్మం ఏమీ లేదు. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి పాలంత పలచగా చేస్తారు. జయ రకం బియ్యం వాడేవాళ్లు ఎక్కువ. మర్మమంతా కుండలోనూ చేతిలోనూ ఉంది. ఈ పని కోసమే చేయించిన గుండ్రటి కుండ బోర్లించి ఉంటుంది, దాని లోపల మంట. ఎండిన కొబ్బరాకులు ఒక్కొక్కటిగా తోస్తూ ఉంటారు. కట్టెలు వేస్తే మంట ఎక్కువైపోతుంది, ఆకు అయితే కావలసినప్పుడు లేస్తుంది, వద్దనుకున్నప్పుడు తగ్గుతుంది. పల్చటి నూలు గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా రెండు కొసలు పట్టుకుని, కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ ఆగితే రేకు మందమవుతుంది, తొందరపడితే చిరుగుతుంది. కన్ను మూసి తెరిచేలోపు ఆ తడి తెల్లటి పొరగా మారి అంచుల దగ్గర లేచి నిలబడుతుంది. దాన్ని వేళ్లతో తీసి పక్కన పెట్టేసి, వెంటనే మళ్లీ గుడ్డ ముంచుతారు. రేకుని వెలుతురికి పట్టి చూడండి, అవతలున్న చెయ్యి కనిపిస్తుంది.

ఇలా గంటల తరబడి, పొగలో, కుండ వేడికి ముఖం అడ్డం పెట్టుకుని చేసే పని ఇది. ఫొటో తీసుకోవాలంటే ముందు అడగండి. చూసినందుకు ఆ ఇంట్లోనే ఒక కట్ట రేకులో, చుట్టిన పూతరేకులో కొనండి. కొట్లో కొన్న డబ్బు ఈ చేతుల దాకా చాలా చిక్కి చేరుతుంది. నేరుగా ఇచ్చే అవకాశం మనకి ఇక్కడే.

ప్రతి కొట్టు మీదా 'ఒరిజినల్' అనే ఉంది. ఏ కొట్లో కొనాలి?

బోర్డు చూడకండి, చుట్టే చెయ్యిని చూడండి. మీ కళ్లముందు రేకు తీసుకుని, తడిగుడ్డతో అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తరుగో చల్లి, మడత పెట్టి ఇస్తామన్న కొట్లో కొనండి. నెయ్యి వాసన చూడండి. మంచి నెయ్యి అయితే కాచిన వెన్న వాసన గుమ్మం దగ్గరే తెలుస్తుంది. డాల్డా వాడితే ఆ పూట తెలియకపోయినా, చల్లారాక పెదవికి మైనంలా అంటుకుంటుంది.

ముందు ఒకటి కొని తినండి. నచ్చితేనే పెట్టె అడగండి. ఒకటి అమ్మడానికి విసుక్కునే కొట్టు నుంచి పెట్టె కొనక్కర్లేదు.

బెల్లానివి మంచివా, పంచదారవి మంచివా? డ్రైఫ్రూట్ రకం తీసుకోమంటున్నారు.

నా ఓటు బెల్లానికి. పంచదార పూతరేకులో తీపి ఒక్కసారి తగిలి పోతుంది. బెల్లం అయితే నెయ్యితో కలిసి నోట్లో కాసేపు నిలుస్తుంది, కింద యాలకుల వాసన కూడా తెలుస్తుంది. మొదటిసారి తినేవాళ్లు మాత్రం పంచదారదే ముందు తినండి, ఎందుకంటే రేకు రుచి అందులోనే స్పష్టంగా తెలుస్తుంది. జీడిపప్పు, బాదం, పిస్తా కూరినవి ఖరీదెక్కువ, కడుపు నిండుతుంది, బహుమతికి బాగుంటాయి. చాక్లెట్ పొడి వేసినవి పిల్లలకి సరదా. అంతకుమించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

జీఐ గుర్తింపు వచ్చిందన్నారు కదా, అంటే ఇక్కడ కొన్నదంతా నాణ్యమైనదేనా?

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బందరు లడ్డుకి 2017లో, తిరుపతి లడ్డుకి అంతకు చాలా ముందే 2009లో వచ్చింది. ఈ గుర్తింపు చేసే పని ఏమిటంటే, ఆ పేరుని వేరే ప్రాంతంవాళ్లు వాడుకుని అమ్మకుండా అడ్డుపడటం. ఫలానా కొట్లో నెయ్యి మంచిదని అది హామీ ఇవ్వదు. పెట్టె మీద జీఐ ముద్ర ఉండటం మంచిదే, కానీ ఎప్పుడు చేశారు, ఏ నెయ్యి వాడారు అన్న ప్రశ్నలు మీరు అడగాల్సిందే.

పూతరేకు తింటుంటే బట్టల నిండా పడుతోంది. ఎలా తినాలి?

కొరకొద్దు. రెండు ముక్కలుగా విరిచి, ముక్క మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోండి. నమలకుండా ఒక్క క్షణం ఉంచితే రేకు దానంతటదే కరుగుతుంది. కింద ఎడమ చెయ్యి పట్టుకోవడం మరిచిపోకండి.

## కాజాల ఊళ్లలో

తాపేశ్వరం కాజాకీ కాకినాడ కాజాకీ తేడా ఏమిటి? రెండూ తినాలా?

రెండూ తినాలి, ఎందుకంటే పేరొక్కటే ఒకటి. మిగతాదంతా వేరు.

తాపేశ్వరానిది మడత కాజా. ఆ ఊరికి దాన్ని అలవాటు చేసినవారిగా పోలిశెట్టి సత్తిరాజు పేరు చెబుతారు. మైదా ముద్దని పల్చటి పొడుగాటి పట్టీగా వత్తి, దాన్ని మడత మీద మడతగా చుట్టి, ముక్కలు కోసి, కర్రతో ఒక్కసారి నొక్కి, సన్నటి మంట మీద నెమ్మదిగా వేయిస్తారు. సరిగ్గా వేగిన కాజాకి పొరలు విడివిడిగా విచ్చుకుంటాయి. అప్పుడు పాకంలో వేస్తే ప్రతి పొర మధ్యకీ పాకం దిగుతుంది. మంచి మడత కాజాని వేళ్లతో విప్పి చూస్తే పొరలు పుస్తకంలో కాగితాల్లా ఒక్కొక్కటిగా వస్తాయి. మంట ఎక్కువ పెట్టి హడావిడిగా వేయించినది పైన ఎర్రగా, మధ్యలో పిండిముద్దలా ఉంటుంది. పాకం లోపలికి పోక పైనే గడ్డకడుతుంది.

కాకినాడది గొట్టం కాజా. కోటయ్య అనే మిఠాయి వ్యాపారి పేరు మీద అది ఊరూరా తెలిసింది, ఇప్పటికీ కోటయ్య కాజా అంటేనే చాలామందికి అర్థమవుతుంది. ఇది వేలంత పొడుగు, గుండ్రంగా, పైకి పొడిగా కనిపిస్తుంది. లోపల బోలు. ఆ బోలులో పాకం నిండి ఉంటుంది. ఎలా తినాలో తెలియనివాళ్లు మధ్యలో కొరుకుతారు, పాకం చొక్కా మీద పడుతుంది. ఒక చివర చిన్నగా కొరికి, ముందు పాకం పీల్చి, తర్వాత మిగతాది తినాలి. మొదటి కొరుకుడుకి పై పెంకు కరకరమని పగలాలి, వెంటనే లోపలి తేనెలాంటి పాకం రావాలి. పెంకు మెత్తబడి, లోపల పాకం పీల్చుకుపోయి ఉంటే అది నిన్నటిదో మొన్నటిదో.

నన్ను ఒక్కటి ఎంచుకోమంటే గొట్టం కాజానే ఎంచుకుంటాను. మడత కాజా ఇప్పుడు రాష్ట్రమంతా చాలాచోట్ల ఫరవాలేదనిపించేలా దొరుకుతోంది. గొట్టం కాజా కాకినాడ దాటితే అలా కుదరడం అరుదు.

కాజా వేడివేడిగా తినాలా, చల్లారాకా?

మడత కాజా గోరువెచ్చగా ఉన్నప్పుడు తినండి, పొరలు అప్పుడే విడిగా ఉంటాయి. గొట్టం కాజా పాకంలోంచి తీసి పూర్తిగా ఆరాకే. వేడిమీద కొరికితే లోపలి పాకం నాలుక కాలుస్తుంది. పిల్లలకి ఇచ్చేటప్పుడు మరీ జాగ్రత్త.

తాపేశ్వరంలో చేసే బ్రహ్మాండమైన లడ్డూలు మామూలు రోజుల్లో చూడొచ్చా?

చూడలేరు. అవి వినాయక చవితికి ఆర్డరు మీద చేసేవి. ఖైరతాబాదు వినాయకుడికి కూడా ఈ ఊరి లడ్డూలు వెళ్లాయి. 2016లో ఇక్కడ చేసిన 29,465 కిలోల లడ్డు గిన్నిస్ రికార్డుకెక్కింది. చవితికి వారం ముందు ఆ ఊరు వెళితే కళాయిల దగ్గర సందడి కనిపిస్తుంది, కానీ అప్పుడు కాజా కొనడానికి వచ్చినవాళ్లని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు.

## ఇంకొంచెం దూరం వెళ్లేవాళ్లకి

బందరు లడ్డు కోసం మచిలీపట్నం దాకా వెళ్లడం అవసరమా? విజయవాడలో దొరుకుతుంది కదా.

దొరుకుతుంది. లడ్డు ఒక్కటే కావాలంటే విజయవాడలో కొనుక్కోండి, అది నాలుగు రోజులు ప్రయాణం చేసినా చెడే సరుకు కాదు. కానీ బందరులో లడ్డు దంచుతుండగా చూసినవాళ్లు దాన్ని ఇంకోలా తింటారు. శనగపిండిని పూసలా వత్తి వేయించి, దాన్ని దంచి పొడి చేసి, జల్లించి, పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అంటారు. మామూలు బూందీ లడ్డులో పలుకులు నోటికి తగులుతాయి. ఇందులో పలుకన్నదే లేదు, వేలితో నొక్కితే పట్టులా విడిపోతుంది. బెల్లం పాకంతో చేసినది అడగండి, రంగు కొంచెం ముదురుగా ఉంటుంది, రుచి మాత్రం ఎంతో పైన.

వెళ్లినవాళ్లు నల్ల హల్వా కూడా వదలొద్దు. గోధుమ పాలు, బెల్లం, నెయ్యి కలిపి నల్లబడే దాకా కలియబెట్టి తీసేది అది. సాయంత్రం వెళితే మంగినపూడి బీచ్ కూడా కలిసొస్తుంది.

మాడుగుల హల్వాలో అంత విశేషం ఏముంది?

ఓపిక. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలని మళ్లీ పులియనిచ్చి, అప్పుడు పంచదార, నెయ్యితో గంటలకొద్దీ కలుపుతారు. ఆ పులుపు తుదకి రుచిలో తెలియదు గానీ, హల్వా సాగకుండా, పళ్లకి అంటకుండా తెగడానికి ఆ నానబెట్టడం, పులియబెట్టడమే ఆధారం. మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా వెళ్లాలి. విశాఖలో బస చేసేవాళ్లు అరకు వెళ్లే రోజు కాకుండా దీనికొక పూట విడిగా పెట్టుకోండి. అనకాపల్లిలో ఆగితే దేశంలో పేరున్న బెల్లం మార్కెట్ చూడొచ్చు. జనవరి నుంచి వేసవి మొదటి దాకా అక్కడ కొత్త బెల్లం వాసన వీధి మొదట్లోనే తెలుస్తుంది.

పాకుండలు, అరిసెలు, సున్నుండలు కొట్లలో బాగుంటాయా?

సున్నుండలు, అరిసెలు ఫరవాలేదు. పాకుండలు మాత్రం కొట్టువి కొనకండి. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, కొబ్బరి కలిపి చేసే ఈ ఉండ చేసిన రోజు ఒక రుచి, మూడోనాటికి ఇంకో రుచి. కోనసీమలో తెలిసినవాళ్ల ఇల్లుంటే, ముందు రోజు ఫోన్ చేసి "పిన్నీ, వస్తున్నాం" అని ఒక్క మాట చెప్పండి, చాలు. తెలిసినవాళ్లు లేకపోతే ఊళ్లలో ఆర్డరు మీద చేసిచ్చే ఇళ్లుంటాయి. మీరు బస చేసిన చోట వంటమనిషిని అడిగితే దారి చూపిస్తారు.

## తినేటప్పుడు

రెండోది తినేసరికే వెగటు పుడుతోంది. ఏం చేయాలి?

మధ్యలో కారం తినండి. ఇక్కడివాళ్లు చుట్టాలకి స్వీటుతో పాటు కారప్పూసో జంతికో పెట్టేది మర్యాద కోసమొక్కటే కాదు, నాలుక తేరుకోవాలని. ఉదయం పెసరట్టు ఉప్మా తిని బయల్దేరండి, స్వీటుకీ స్వీటుకీ మధ్య రెండు గంటలు ఎడం ఇవ్వండి, పల్చటి మజ్జిగ తాగండి. కాఫీ, టీ తాగితే ఆ తర్వాత తిన్నది చప్పగా అనిపిస్తుంది. నలుగురు వెళ్లినప్పుడు నాలుగు కొనకుండా రెండు కొని పంచుకోవడం ఇంకా మంచి పద్ధతి.

షుగర్ ఉంది. బెల్లం పూతరేకులు తినొచ్చా? 'షుగర్ ఫ్రీ' అని అమ్ముతున్నారు.

బెల్లమూ పంచదారే అనుకోండి, రక్తంలో చక్కెరని అదీ పెంచుతుంది. షుగర్ ఫ్రీ అని రాసినదాంట్లో పంచదార ఉండకపోవచ్చు గానీ రేకు స్వయంగా బియ్యమే, లోపల ఖర్జూరం కూరితే అందులోనూ చక్కెర ఉంది. ఆ పేరు చూసి నాలుగు తినేయకండి. ఎంత తినొచ్చన్నది మీ డాక్టర్ని అడిగి రండి. తిన్నా భోజనం తర్వాత సగం ముక్క, ఇంకొకరితో పంచుకుని తినడం మేలు.

గోధుమ పడదు, పిల్లాడికి జీడిపప్పు ఎలర్జీ. వీటిలో ఏది తినొచ్చు?

కాజాలు రెండూ మైదావే, హల్వాలు గోధుమ పాలవి. అవి వద్దు. పూతరేకు బియ్యంతో, బందరు లడ్డు శనగపిండితో చేస్తారు కాబట్టి గోధుమ ఉండకూడదు, అయినా ఒకే బాణలిలో మైదా సరుకు కూడా వేయిస్తారా అని అడగండి. జీడిపప్పు ఎలర్జీ ఉంటే సాదా పంచదార పూతరేకు అడిగి, కడుక్కున్న చేతులతో, మీ ముందే చుట్టించుకోండి. ఎలర్జీ తీవ్రమైనదైతే కొట్లో ఏదీ పెట్టొద్దు. అదే బల్ల మీద రోజంతా జీడిపప్పు నలుగుతుంటుంది.

## కొని ఇంటికి తీసుకెళ్లేటప్పుడు

ఎంత కొనాలి?

మీరు అనుకున్నదాంట్లో సగం. ఊరంతా పంచాలని ఐదు కిలోలు కొంటే చివరి కిలో ఎవరూ మనస్ఫూర్తిగా తినరు. పూతరేకులు పది ఉన్న పెట్టె ఒక ఇంటికి చాలు. కాజా ఇంటికి అరకిలో.

ఏది ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? ఫ్రిజ్‌లో పెట్టాలా?

ముందు తినాల్సినది గొట్టం కాజా, రెండు మూడు రోజుల్లో అవగొట్టండి. తర్వాత మడత కాజా, పూతరేకులు, వీటిని వారం లోపు. బందరు లడ్డు, మాడుగుల హల్వా నెయ్యి బలం మీద ఇంకా ఎక్కువ రోజులు ఆగుతాయి. ఫ్రిజ్‌లో దేన్నీ పెట్టకండి. నెయ్యి గడ్డకడుతుంది, రేకు చెమ్మ పీల్చి చర్మంలా సాగుతుంది, కాజా పాకం పలుకు కడుతుంది. గాలి చొరని డబ్బాలో, ఎండ తగలని చోట ఉంచడమే. ఒక డబ్బాలో రెండు రకాలు కలపొద్దు, కాజా పాకం చెమ్మకి పూతరేకు ఒక్క రాత్రిలో మెత్తబడుతుంది.

కొట్లో తాజాదేనా కాదా ఎలా తెలుస్తుంది?

విడిగా అమ్మే స్వీట్ల ట్రే మీద ఏ తేదీలోపు తినాలో రాసిపెట్టాలని ఆహార భద్రతా సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది. ఆ చీటీ లేకపోతే అడగండి, అడిగే హక్కు మీకుంది. సీలు వేసిన పెట్టె అయితే 14 అంకెల లైసెన్సు నంబరు, తయారైన తేదీ చూడండి. ఇవి చూశాక కూడా కన్ను, ముక్కు వాడండి. కాజా ట్రే అడుగున పాకం పేరుకుని తెల్లగా పలుకు కట్టిందంటే అది అక్కడ చాలాసేపుగా ఉంది. పాత నూనె వాసన చల్లారిన సరుకులోనే బాగా పట్టుబడుతుంది.

పూతరేకులు విరక్కుండా రైల్లో, విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

గట్టి అట్టపెట్టెలో, పొరకీ పొరకీ మధ్య కాగితం వేయించి కట్టించుకోండి. పెట్టెలో ఖాళీ లేకుండా చూసుకోండి, కదిలితేనే విరుగుతాయి. రైల్లో పై బెర్తు మీద విడిగా పెట్టాలి, సూట్‌కేసు కింద కాదు. విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లండి. పాకం కారే కాజా మాత్రం చెక్‌ఇన్ సామానులో, రెండు కవర్లు చుట్టి పెట్టండి. ద్రవంలా కనిపిస్తే భద్రతా తనిఖీ దగ్గర ఆపుతారు. విడిగా కొన్న నెయ్యి డబ్బాకీ ఇదే వర్తిస్తుంది.

ఇంకో పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. చుట్టని ఉత్త రేకులు కట్టగా కొనుక్కెళ్లి, ఇంట్లో మీ నెయ్యి, మీ బెల్లంతో చుట్టుకోండి. ఉత్త రేకులు పొడిగా ఉంచితే చాలా రోజులు ఆగుతాయి. తడిగుడ్డ అద్దేటప్పుడు మాత్రం చేతికి తేలిక కావాలి, గుడ్డ బాగా పిండేసి ఉండాలి. మొదటి రెండు చినిగినా మూడోది కుదురుతుంది.

అమెరికా, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలకి పంపొచ్చా?

ఆయా కొట్లే కొరియర్లో పంపుతున్నాయి, చిరునామా ఇస్తే చాలు. మీరే చేత్తో తీసుకెళ్లేట్టయితే దిగగానే కస్టమ్స్ ఫారంలో ఆహార పదార్థాలున్నాయని తప్పకుండా రాయండి. రెండు దేశాల్లోనూ చెప్పకపోతేనే జరిమానా, చెబితే చూసి వదిలేస్తారు, లేదా ఆ సరుకొక్కటే తీసి పారేస్తారు. కోవాలాంటి పాల సరుకు ఎక్కువగా ఆపుతారు కాబట్టి అది పెట్టకండి. ప్రయాణానికి తగినవి బందరు లడ్డు, మాడుగుల హల్వా, సీలు వేసిన పూతరేకులు. గొట్టం కాజా అంత దూరం పంపకండి, చేరేసరికి లోపల పాకం ఉండదు. వాళ్లు సెలవులకి వచ్చినప్పుడు కాకినాడే తీసుకెళ్లండి.